చివరి మడికి చేరని నీరు – భూమి రొదలో శక్తిక్షయపు కథ

1969 ఏప్రిల్ 13, ఆదివారం. రాత్రి తొమ్మిది కావస్తున్నది. ఎండకాలం కావడంతో మా ఎల్లంతకుంటలో అందరి వలెనే మేమూ వాకిట్లో నులక మంచాలు వాల్చుకొని పడుకున్నాము. తొమ్మిదేండ్ల వాణ్ణి, మా నాయన మంచంలోనే ఆయన కాళ్ళ దిక్కున పడుకొని చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాను. ఉన్నట్టుండి మంచం సన్నగా ఊగింది. "ఏందిరా, పండుకోక మంచం ఊపుతున్నవ్?" అని నాయన గద్దించాడు. "నేను ఊపలే నాయినా" అన్నాను. నమ్మలేదు. వీపు మీద ఒకటి పడింది.

మరునాడు భద్రాచలం దిక్కున భూకంపం వచ్చిందన్న వార్త ఊరంతా పాకింది. రచ్చబండ దగ్గర వాదం మొదలైంది. చెరువు క్రింది వాడవాళ్ళు తమ ఇండ్లలో దొంతికుండలు గలగలమన్నాయన్నారు. గుట్ట దాపు ఇండ్లవాళ్ళు "మాకైతే ఏం కాలే, మీరే కల్లు తాగి ఊగిండ్రు" అని నవ్వారు. మా నాయన ఏమీ అనలేదు గాని, ఆ సాయంత్రం అంగడి నుండి నా ఒక్కనికే పుట్నాలు, బెల్లం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన తప్పు ఒప్పుకున్న తీరు అది.

ఆ కంపం పరిమాణం 5.7 అని తరువాతి కాలంలో చదివాను. పుట్టినచోటుకూ మా ఊరికీ రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. అంత దూరం నడచివచ్చిన కదలిక దారిలో ఎంత పోగొట్టుకొని ఉంటుంది? ఒక వాడలో కుండలు కదిలి ఇంకొక వాడలో కదలకపోవడానికి కారణమేమిటి? నేను భాషాపండితుణ్ణి; భౌతికశాస్త్రం నా సొత్తు కాదు. మా బడిలో ఆ పాఠం చెప్పిన మిత్రుడొకరు విశ్రాంత జీవితంలో ఓపికగా నాకు చెప్పినదీ, నేను వెతికి చదువుకున్నదీ కలిపి ఈ చరిత్ర వ్రాస్తున్నాను.

ఈ ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో 32వ అధ్యాయాన్ని భూకంప లక్షణాలకే కేటాయించాడు. కంపాలను వాయు, అగ్ని, ఇంద్ర, వరుణ మండలాలుగా విభజించి, ఒక్కొక్కటి ఎంత మేర వ్యాపిస్తుందో యోజనాలలో చెప్పాడు: వాయుకంపం 200, అగ్నికంపం 110, వరుణకంపం 180, ఇంద్రకంపం 160కి పైగా. ఈ అంకెలలో ఆధునిక శాస్త్రం దాగి ఉన్నదని నేను అనను. అట్లా అనడం వరాహమిహిరునికీ, శాస్త్రానికీ రెంటికీ అపచారం. కాని కంపాలన్నీ ఒకే దూరం పోవు, కొన్ని దూరం పోతాయి, కొన్ని దగ్గరలోనే చస్తాయి అన్న గమనిక మాత్రం నిక్కమైనది. దాని వెనుక ఉన్న 'ఎందుకు'కు సమాధానం దొరకడానికి మరి పదునాలుగు వందల ఏండ్లు పట్టింది.

1889 ఏప్రిల్ 17న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఫాన్ రెబ్యూర్-పాష్విట్జ్ అనే శాస్త్రజ్ఞుని లోలకం విచిత్రంగా కదిలింది. కొన్నాళ్ళకు ఒక పత్రికలో అదే రోజున జపానులో వచ్చిన భూకంపం గురించి చదివి, తన పరికరం వ్రాసింది ఆ కంపాన్నేనని గ్రహించాడు. వేల కిలోమీటర్ల దూరపు భూకంపం పరికరానికి చిక్కడం అదే మొదలు. 1897 జూన్ 12న అస్సాం ప్రాంతాన్ని కుదిపేసిన మహాభూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ పరిశీలించాడు. ఆ అధ్యయనం నుండే తరంగాలు మూడు తెగలుగా వస్తాయని 1900 నాటికి తేల్చి, 1906లో భూమికి లోపల ఒక గర్భం ఉన్నదని నిరూపించాడు. ఈ విజయాలన్నింటికీ ఆధారం ఒక్కటే: తరంగం ఎప్పుడు వచ్చింది? ఎంత బలంగా వచ్చింది అన్నది అప్పటికి ప్రక్కన ఉండిపోయింది. ఈ వ్యాసం చివరిదాకా ఆ తేడాను మనసులో ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను. కాలం నమ్మదగిన సాక్షి. బలం అట్లాంటిది కాదు.

ఎందుకు కాదో చెప్పడానికి మా ఊరి పేరులోనే ఉన్న కుంట చాలు. తూము ఎత్తి కాలువకు నీరు వదిలారనుకుందాం. ఆయకట్టు చివరి మడికి సన్నని ధార మాత్రమే వచ్చింది. దీనికి కారణాలు మూడు. కాలువ పోనుపోను నీరు ఎన్నో మళ్ళకు పరచుకుంటుంది. అక్కడ నీరు పోలేదు, పంచబడిందంతే. రెండవది, గండ్లు పడి, పిల్లకాలువలు చీలి, నీరు దారితప్పి పోవడం. మూడవది, నేల నీటిని పీల్చుకోవడం. అట్లా ఇంకిన నీరు కాలువకు తిరిగి రాదు. భూకంప తరంగానికీ ఇవే మూడు గతులు. వలయంగా విస్తరించడం వలన పలుచబడుతుంది. రాతిలోని పగుళ్ళు, అతుకులు, రకరకాల పొరలు తగిలి చెల్లాచెదరవుతుంది. దీన్ని పరిక్షేపణం అంటారు. రాతి రేణువుల నడుమ రాపిడి వలన, రంధ్రాలలోని నీటి కదలిక వలన తరంగశక్తి వేడిగా మారి శాశ్వతంగా పోతుంది, ఇది శోషణం. చివరి రెంటినీ కలిపి శక్తిక్షయం అందాము.

ఇప్పుడు చివరి మడి రైతు గట్టు మీద నిలబడి ధారను చూచి, నేల ఎంత పీల్చిందో చెప్పగలడా? చెప్పలేడు. తూమే కొంచెం ఎత్తి ఉండవచ్చు. నడుమ ఎవరో గండి కొట్టి ఉండవచ్చు. ఎంత నీరు వదిలారో తెలియనిదే ఎంత నీరు ఇంకిందో తెలియదు. భూమి రొద పరిశోధనలో అరవై డెబ్బై ఏండ్లుగా నలుగుతున్న చిక్కు అంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

శోషణాన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు ఒక సంఖ్యను వాడతారు. పేరు నాణ్యతా గుణకం, సంకేతం 'క్యూ'. లియాన్ నాపాఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1964లో దీనిపై సమగ్రమైన సమీక్ష వ్రాసి, దానికి ఆ ఒక్క అక్షరాన్నే శీర్షికగా పెట్టాడు. ఏకాక్షర నిఘంటువులు చదివిన మావంటి వారికి ముచ్చట వేసే పని. తరంగం ఒక్కొక్క ఊపుకు తన శక్తిలో ఎంత వంతు పోగొట్టుకుంటుందో ఈ సంఖ్య చెబుతుంది. క్యూ 100 అయితే ఊపుకు ఆరు శాతం పైచిలుకు, 600 అయితే సుమారు ఒక శాతం. సంఖ్య పెద్దదైతే నష్టం చిన్నది.

ఇక్కడ 'ఊపుకు' అన్న మాట కీలకం. నష్టం మైలుకు ఇంత అని కాదు, ఊపుకు ఇంత అని. ఉదాహరణకు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో పోయే తరంగం 100 కిలోమీటర్లు నడిచిందనుకుందాం. విస్తరణ వలన తగ్గేది ప్రక్కన పెడదాం. సెకనుకు ఐదుసార్లు ఊగే తరంగమైతే, క్యూ 100 ఉన్న నేలలో దాని కంపన పరిమితి సుమారు రెండువందలవ వంతుకు పడిపోతుంది. క్యూ 600 ఉన్న గట్టి నేలలో నూటికి నలభైరెండు పాళ్ళు మిగులుతుంది. అదే పది సెకన్లకు ఒకసారి నిదానంగా ఊగే తరంగమైతే, క్యూ 100 ఉన్న నేలలో సైతం నూటికి తొంభై పాళ్ళు నిలుపుకుంటుంది. తొందరపాటు మనిషి తొందరగా అలసిపోయినట్టు, వడిగా ఊగేది త్వరగా చస్తుంది. నిదానమైనది దూరం పోతుంది.

ఇక రొద మాట. భూకంపం లేనప్పుడు భూమి నిశ్చలంగా ఉంటుందని మనం అనుకుంటాము. 1870ల దశకంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో తిమోతియో బెర్తెల్లి అనే మతాచార్యుడు లోలకాన్ని సూక్ష్మదర్శినితో ఏండ్ల తరబడి గమనించి, అది ఒక్క క్షణమైనా ఊరకుండదని, గాలివానల కాలంలో మరీ ఎక్కువగా చలిస్తుందని వ్రాసిపెట్టాడు. మన దేశంలో ఈ విషయంపై గట్టి పని చేసినవారు సుధాంశు కుమార్ బెనర్జీ. బొంబాయి కొలాబా వేధశాలలో నమోదైన సూక్ష్మకంపాలను అరేబియా సముద్రం, బంగాళాఖాతాలలోని తుఫానులతో, ఋతుపవనాలతో పోల్చి 1930లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. తరువాత వాతావరణ శాఖకు అధిపతి అయిన మొదటి భారతీయుడు ఆయనే.

అయితే అలల ఒత్తిడి లోతుకు పోనుపోను తగ్గిపోతుంది కదా, సముద్రపు అడుగును అది ఎట్లా కదిలించగలదన్న సందేహం మిగిలింది. 1950లో లాంగెట్-హిగిన్స్ దీన్ని విప్పాడు. ఎదురెదురుగా వచ్చిన రెండు అలల వరుసలు కలిసినప్పుడు, అలలకు రెట్టింపు పౌనఃపున్యంతో ఒక ఒత్తిడి పుడుతుంది. అది లోతుతో తగ్గక అడుగుదాకా దిగుతుంది. అందుకే భూమి రొదలో ముఖ్యభాగం అయిదు నుండి పది సెకన్లకు ఒకసారి ఊగే నిదానపు తరంగాలు.

సిరిసిల్లలో మరమగ్గాల నడుమ తిరిగినవారికి నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. మగ్గంలో నాడె నిమిషానికి నూరుసార్లకు మించి అటూ ఇటూ పరుగెడుతుంది. వాడలో నడుస్తుంటే ఆ అదురు అరికాళ్ళకు తెలుస్తుంది. పొలిమేర దాటి కొంత దూరం పోతే ఏమీ తెలియదు. సెకనుకు రెండుసార్లు, అంతకు మించి ఊగే ఆ అదురును పైపొరలోని మెత్తని మన్ను మింగివేస్తుంది. వందల కిలోమీటర్ల అవతలి బంగాళాఖాతపు ఘోష మాత్రం రేయింబవళ్ళు సిరిసిల్ల నేల క్రిందికి వస్తూనే ఉంటుంది. ప్రక్కింటి మగ్గం వినిపించక, చూడని సముద్రం వినిపించడం! శక్తిక్షయం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మొదట్లో ఈ రొద శాస్త్రజ్ఞులకు శత్రువు. 1965లో హిందూపురానికి దక్షిణాన, కర్ణాటకలోని గౌరీబిదనూరు వద్ద బ్రిటిషు సహకారంతో భూకంప పరికరాల వరుస నెలకొల్పారు. దూరదేశాలలోని అణుపరీక్షలను పసిగట్టడం దాని పని. రొద తక్కువగా ఉండే పురాతనమైన గట్టి రాతినేల అక్కడ ఉన్నది. 1961లో హైదరాబాదులో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో, 1989 నుండి ఫ్రెంచివారి ప్రపంచ భూకంప జాలానికి చెందిన కేంద్రం పనిచేస్తున్నది. ఇటువంటి కేంద్రాలలో ఏండ్ల తరబడి రొద పోగుపడింది. ధాన్యం తీసుకొని ఊకను ప్రక్కన పోసినట్టు, భూకంపాలను తీసుకొని రొదను వదిలేశారు.

ఊకలోనూ గింజ ఉన్నదని ముందుగా చెప్పినవాడు జపాను శాస్త్రజ్ఞుడు కెయీతి అకి. దగ్గర దగ్గరగా పెట్టిన పరికరాలలోని సూక్ష్మకంపాలను ఒకదానితో ఒకటి పోల్చితే, క్రింది నేలలో తరంగవేగం తెలుస్తుందని 1957లో చూపాడు. 1968లో జాన్ క్లేర్‌బౌట్ మరొక మెట్టు ఎక్కాడు. పొరలుగా ఉన్న నేల క్రిందినుండి వచ్చిన కదలికను దానితో అదే పోల్చిచూస్తే, పైనుండి మనమే ఒక దెబ్బ కొట్టి విన్న ప్రతిధ్వనితో సమానమైనది దొరుకుతుందన్నాడు. 2001లో వీవర్, లాబ్‌కిస్ అనే ఇద్దరు ఒక అల్యూమినియం దిమ్మెలోని ఉష్ణస్పందనలతోనే దీన్ని ప్రయోగంలో చూపారు. 2003లో కాంపీయో, పాల్ మెక్సికో భూకంపాల తోకలలో మిగిలే తరంగాలతో ఇటువంటి ఫలితాన్నే రాబట్టారు; 2005లో షపీరో బృందం కాలిఫోర్నియాలో ఒక నెల రోజుల ఉత్త రొదతో భూమి పటాలు గీశారు. భూకంపం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేకపోయింది.

ఇది ఎట్లా సాధ్యం? వేములవాడ శివరాత్రి జాతరలో ఇద్దరు మిత్రులు కొంత ఎడంగా నిలబడి, తమ చెవిని పడే గోలనంతా చెరొక పుస్తకంలో క్షణక్షణానికి వ్రాసుకుంటున్నారనుకోండి. ఏ ఒక్క మాటా విడిగా తెలియదు. కాని రెండు పుస్తకాలను ప్రక్కప్రక్కన పెట్టి ఒకదాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ పోతే, ఒకానొక జరుపు దగ్గర రెండూ కొంత కలుస్తాయి. మొదటివాని చెవిని తాకిన గోలే తరువాత రెండవవాని దాకా పోయింది కనుక. ఆ జరుపే ఇద్దరి నడుమ ప్రయాణకాలం. దీన్నే సహసంబంధం అంటారు. నెలల తరబడి రొదను ఇట్లా పోల్చితే, ఒక కేంద్రంలో దెబ్బ కొట్టి రెండవ కేంద్రంలో విన్నట్టే ఉంటుంది.

ప్రయాణకాలం తెలిస్తే వేగం, వేగం తెలిస్తే రాతి స్వభావం. ఇంతవరకు కథ సుఖంగా నడిచింది. కాని ఆ కలయిక ఎంత బలంగా ఉన్నదన్న దానినుండి నేల ఎంత శక్తిని మింగిందో చెప్పగలమా అని అడిగేసరికి చిక్కు వచ్చింది. కారణం కొంత స్వయంకృతం. రొద నడుమ భూకంపమో, ప్రక్కన లారీ వెళ్ళిన అదురో వచ్చి లెక్క చెడగొట్టకుండా, పరిశోధకులు తరంగం ఎత్తును తీసివేసి, పైకి ఊగిందా క్రిందికి ఊగిందా అన్నది మాత్రమే ఉంచుకునేవారు. 2007 నాటికి ఇటువంటి శుద్ధిక్రమమంతా ఒక పద్ధతిగా స్థిరపడింది. మా భాషలో చెప్పాలంటే, పద్యంలోని మాటలు తుడిచేసి గురులఘు చిహ్నాలు మాత్రమే మిగుల్చుకోవడం. ఉత్పలమాలో చంపకమాలో చెప్పవచ్చు. కవి ఏడ్చాడో నవ్వాడో చెప్పలేము.

2009లో ప్రియేతో, లారెన్స్, బెరోజా అనే ముగ్గురు మాటలను తిరిగి చదవడానికి పూనుకున్నారు. దక్షిణ కాలిఫోర్నియాలో అనేక కేంద్రజంటల నడుమ సంబద్ధత, అంటే రెండు రికార్డులు ఎంతవరకు పొత్తు కలుస్తాయన్నది, దూరంతో ఎట్లా తగ్గుతుందో కొలిచారు. అకి సూత్రం చెప్పే తగ్గుదల కంటే అదనంగా తగ్గినదాన్ని శక్తిక్షయం ఖాతాలో వేశారు. ఫలితాలు చూడడానికి సబబుగానే ఉన్నాయి. కాని అభ్యంతరాలు వెంటనే వచ్చాయి. 2010లో క్యూపియార్, కాప్‌దెవీల్ గణకయంత్రంలో కృత్రిమమైన రొదను సృష్టించి పరీక్షించారు. రొద పుట్టే తావులు అంతటా సమంగా పరచుకొని ఉంటే క్షయం సరిగానే దొరుకుతున్నది. ఒక ప్రక్కకే ఒదిగితే లెక్క చెడుతున్నది. 2011లో విక్టర్ త్సాయ్, నేల ఒక్కటే, క్షయం ఒక్కటే అయినా, రొద పుట్టే తావుల అమరిక మారితే సహసంబంధపు బలం మారిపోతుందని గణితంతో చూపాడు. తూము సంగతి తెలియనిదే ఇంకిన నీటి సంగతి చెప్పలేమన్న మాటే ఇది!

పైగా శక్తిక్షయం రొదను కొలవడంలోనే గాక రొదను తయారుచేయడంలోనూ చేయి పెడుతుంది. బాగా పీల్చే నేలలో దూరపు శబ్దాలు దారిలోనే చచ్చి, దగ్గరివే మిగులుతాయి. పరికరం వినేది లోకమంతటి రొద కాదు, నేల వడపోసి అందించిన రొద. అందుకే క్షయమున్న చోట ఈ పద్ధతి నిర్దుష్టంగా పనిచేయాలంటే రొద చుట్టూ మాత్రమే కాదు, నేల అంతటా, లోపలా పుట్టాలని స్నీడర్ 2007లో చూపాడు. ప్రకృతి అంత సమదృష్టితో రొద పంచదు. ఋతుపవనకాలంలో ఒక దిక్కు, శీతకాలంలో ఇంకొక దిక్కు హెచ్చుతుంది. నమ్మదగిన సాక్షి అన్న కాలానికి కూడా కొద్దిపాటి మచ్చ ఉన్నది. క్షయమున్న నేలలో వేర్వేరు పౌనఃపున్యాల తరంగాలు వేర్వేరు వేగాలతో పోతాయని, వేగపు లెక్కలలో దాన్ని సవరించుకోక తప్పదని కనమోరి, ఆండర్సన్ 1977లోనే గట్టిగా హెచ్చరించారు.

తూము మూసినప్పుడు ఏమవుతుందో లోకమంతా ఒకసారి చూచింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. సిరిసిల్ల మగ్గాలు ఆగిపోయాయి. రోడ్లు, బడులు, అంగళ్ళు మూగవోయాయి. ఆ ఏడాది ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం 268 కేంద్రాల రికార్డులను పరిశీలించి, మనుషుల వలన పుట్టే వడిగల రొద కొన్నిచోట్ల సగం దాకా తగ్గిందని తేల్చింది. అప్పుడు భూమి ఎక్కువగా మింగలేదు; మనమే తక్కువగా అరిచాము. లాక్‌డౌన్ సంగతి తెలుసు కనుక ఎవరూ పొరపడలేదు. ఆ సంగతి తెలియక, రికార్డు మాత్రమే చేతికి వస్తే? నేల మెత్తబడిందని పొరపడడానికి అవకాశం ఉండేది కదా!

ఇదంతా పండితుల కుస్తీ, మనకేమి అంటారా? మన నేల వైపు చూడండి. సిరిసిల్ల, ఎల్లంతకుంట ప్రాంతం తూర్పు ధార్వాడ భూఖండానికి చెందిన అతి పురాతనమైన గ్రానైటు నేల. ఇక్కడినుండి ఈశాన్యంగా పోతే గోదావరి లోయ. అక్కడ బొగ్గుపొరలతో కూడిన అవక్షేప శిలలు కిలోమీటర్ల మందాన పేరుకొని ఉన్నాయి. ధార్వాడ ప్రాంతపు భూపటలాన్ని రొద పద్ధతితో, ఇతర పద్ధతులతో కలిపి పరిశీలించిన పరిశోధన 2014లో వెలువడింది. తూర్పు ధార్వాడలో పటలం పలుచన, పడమటి భాగంలో మందం అని అటువంటి పరిశీలనలు చెబుతున్నాయి. ఇది కాలం చెప్పిన సాక్ష్యం, వేగపు పటం. బలం చెప్పే సాక్ష్యానికి, అంటే క్షయపు పటానికి, పైన చెప్పిన చిక్కులన్నీ అడ్డువస్తాయి. సముద్రపు ఘోష గోదావరి లోయను దాటి కరీంనగరు గ్రానైటు మీదికి బలహీనంగా చేరితే, లోయ మింగిందా, సముద్రమే ఆ నెల మెల్లగా ఘోషించిందా అన్నది ముందు తేలాలి.

తేలకపోతే నష్టమేమిటి? భూకంపం వస్తే ఎంత దూరం వరకు ఎంత అదురు చేరుతుందో అంచనా వేసి, దాన్నిబట్టి ఇండ్లు, వంతెనలు, ఆనకట్టలు ఎంత గట్టిగా కట్టాలో నిర్ణయిస్తారు. ఆ అంచనాకు క్షయం ఒక మూలస్తంభం. రొద బలహీనంగా ఉన్నదని చూచి, నేల బాగా మింగుతుందని పొరబడితే, రేపటి భూకంపం కూడా దారిలోనే చస్తుందని ధీమా పడతాము. కట్టడాన్ని పలుచన చేస్తాము. తప్పు ఎవరిదైనా శిక్ష ఆ ఇంట్లో పడుకున్నవానికి.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా, వినాయక నిమజ్జనం చూచి అలసి నిద్రపోయిన మహారాష్ట్రలోని కిల్లారి చుట్టుప్రక్కల పల్లెలు శిథిలమయ్యాయి. దాదాపు పదివేల మంది పోయారు. రాళ్ళూ మన్నూ పేర్చి కట్టిన గోడలే వారికి సమాధులయ్యాయి. దక్కను పీఠభూమి కదలదని అంతకుముందు అందరూ చెప్పుకునేవారు. ఆ వేకువన మా ఇంట్లో గూటిలోని గిన్నెలు సన్నగా మ్రోగాయి. కిల్లారికీ మాకూ 250 కిలోమీటర్లకు పైగా దూరం. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు దిక్కున 5.3 పరిమాణంతో భూమి కంపిస్తే, హైదరాబాదు నుండి విజయవాడ దాకా తెలిసింది. 2025 మే 5 సాయంత్రం ఆసిఫాబాదు దిక్కున పుట్టిన 3.8 పరిమాణపు చిన్న కంపం కరీంనగరు, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల వారిని ఇండ్లలోనుండి బయటికి రప్పించింది.

"మనది గట్టి రాతినేల, మనకేం భయం" అన్న మాట మా దిక్కున తరచుగా వింటాము. అందులో సగమే నిజం. గట్టి రాయి తనపై ఉన్న ఇంటిని ఎక్కువగా ఊపదు. కాని దూరపు కంపాన్ని పోగొట్టకుండా మోసుకొనివస్తుంది. అమెరికాలో పడమటి భూకంపాల కంటే మధ్యప్రాంతపు భూకంపాలు ఎన్నో రెట్లు విశాలమైన మేరలో తెలియడానికి ఇదే కారణమని 1970లలో నట్లీ చూపాడు. అట్లా మోసుకొచ్చిన కంపం మెత్తని మన్ను మీద ఉన్న వాడకు చేరినప్పుడు ఊపు పెరుగుతుంది. 1985 సెప్టెంబరు 19న పసిఫిక్ తీరాన పుట్టిన భూకంపం 350 కిలోమీటర్ల అవతలి మెక్సికో నగరాన్ని కూల్చింది. ఎక్కువగా కూలినవి ప్రాచీన సరస్సు పూడిన నేల మీద కట్టిన భవనాలు. మెత్తని నేల వడిగా ఊగే తరంగాన్ని మింగుతుంది, తన సహజ పౌనఃపున్యానికి కలిసే తరంగాన్ని పెంచుతుంది. మింగడమూ పెంచడమూ రెండూ దాని స్వభావాలే. అటువంటి తావులు గుర్తించడానికి 1989లో జపానులో నకమురా ప్రచారంలోకి తెచ్చిన సూక్ష్మకంపాల పద్ధతి ఏ ఊపుకు నేల స్పందిస్తుందో చెబుతుంది. ఎంత స్పందిస్తుందన్నది మళ్ళీ క్షయం మీదనే ఆధారపడుతుంది.

ఇప్పుడు రచ్చబండ వాదానికి తీర్పు చెప్పవచ్చు. గుట్ట దాపువాళ్ళు అబద్ధమాడలేదు, చెరువు క్రిందివాళ్ళు కల్లు త్రాగి ఊగలేదు. ఒకే కంపం, రెండు నేలలు. ఇద్దరి సాక్ష్యాన్నీ వ్రాసిపెట్టుకొని ఉంటే అదొక పరిశోధన అయ్యేది. నవ్వి వదిలేశాము గనుక వాదంగా మిగిలిపోయింది. ఈనాడు మా దిక్కు ఊళ్ళలో చెరువు శిఖం భూములలోనూ ఇండ్లు లేస్తున్నాయి. అవి ఏ మన్ను మీద ఉన్నాయో, ఆ మన్ను దేన్ని మింగుతుందో, దేన్ని పెంచుతుందో, గోడ కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు. అడగడానికి పరికరాలు, పద్ధతులు ఉన్నాయి. మా నాయన కాలంలో అవి లేవు.

సన్నగా వినిపించినంత మాత్రాన చెప్పినవాడు మెల్లగా చెప్పాడని అనుకోరాదు. దారి మింగి ఉండవచ్చు. గట్టిగా వినిపించినంత మాత్రాన దగ్గరివాడే అరిచాడనీ అనుకోరాదు. ముప్పైయేండ్లు బడిలో చివరి బల్ల పిల్లల గొంతు వినడానికి ప్రయత్నించిన వాణ్ణి; ఈ మాట నాకు పుస్తకాల కంటే ముందే తెలిసి ఉండవలసింది. ఏ కదలికకైనా ఎదురుగా ఉన్నవాణ్ణి దోషిని చేసేముందు, అది ఎక్కడినుండి వచ్చిందో, దారిలో ఏమి పోగొట్టుకుందో ఒకసారి విచారించాలి. రెండు వందల కిలోమీటర్ల దూరంలో కదిలిన భూమికి బదులు నా వీపు మీద పడిన దెబ్బ నాకు నేర్పిన పాఠం ఇది. పుట్నాలు, బెల్లం రుచి మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.